పాలంపేట అవతల లాటిన్ పాఠం

పాలంపేట దాకా వెళ్ళి రామప్ప గుడి చూడకుండా తిరిగి వచ్చినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే అయి ఉంటాను. గుడి పైభాగం చెట్ల మీదుగా కనిపించింది. బాట మలుపులో నిలబడి ఒక నిమిషం చూశాను. ఆ నిమిషంలో కూడా నా మనసు శిల్పాల మీద లేదు, రాబోయే గురువారం మీద ఉంది. కాబట్టి నీళ్ళలో తేలే ఇటుకల సంగతి, రాతిలో చెక్కిన నాట్యగత్తెల సంగతి కావలసినవారు ఈ కథనం పక్కన పెట్టవచ్చు. నేను అటు వెళ్ళింది రోము గురించి తెలుసుకోవడానికి.

హసన్‌పర్తిలో తీసిన చిట్టీ

మూడేళ్ళ కిందట, ఎనభై ఒకటి నాటి మాట. హసన్‌పర్తి చెరువుకు దగ్గరగా ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. ఏడేళ్ళుగా పార్ట్‌టైమే. ఆ ఏడు ఒక పర్మినెంటు పోస్టు మంజూరైంది. నాకు నలభై నిండబోతున్నాయి. ఈసారి తప్పితే మళ్ళీ అర్జీ పెట్టుకునే వయసు ఉండదు. వడపోతలో ఇద్దరం మిగిలాం. వచ్చే గురువారం కమిటీ ముందు నలభై అయిదు నిమిషాలు పాఠం చెప్పాలి, ఏ పాఠమో చిట్టీ తీసి తేలుస్తారు. శనివారం మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గదిలో స్టీలు గిన్నెలో చెయ్యి పెట్టాను. నా చిట్టీలో "ప్రాచీన రోము విద్యలో వ్యాకరణ ఉపాధ్యాయుల పాత్ర" అని ఉంది. అవతలి ఆయనకు అశోకుడి ధర్మశాసనాలు వచ్చాయి. అశోకుడైతే నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి.

మా ఇంటి సంగతి ఇక్కడే చెప్పాలి, లేకపోతే ముందు జరిగేది అర్థం కాదు. ములుగు వైపు పదకొండు ఊళ్ళకు మాది దొరల ఇల్లు. నాకు పదేళ్ళు దాటేసరికే భూములు చేతులు మారాయి. కోటలాంటి మా గడి తలుపులు, దూలాలు ఎవరో కొనుక్కుపోయారు. హనుమకొండలో రెండు గదులు అద్దెకు తీసుకొని ఉంటున్నాం. అయినా ఒకరి గుమ్మం ముందు నిలబడి పని అడిగిన అలవాటు మాకు లేదు. కమిటీ చైర్మన్ మా లాంటి ఇంటివాడే, మా నాన్నను ఎరిగినవాడే. రోజూ ఆయన గేటు ముందు నుంచే సైకిలు మీద పోతాను. ఒక్కనాడూ లోపలికి అడుగు పెట్టలేదు.

లైబ్రరీలో రోము మీద ఒకే ఒక ఇంగ్లీషు పుస్తకం ఉంది. ఎర్ర అట్ట. అందులో వ్యాకరణ పంతుళ్ళ మీద ఒక పేరా ఉంది. దాన్ని ఎనిమిదిసార్లు చదివినా మూడు నిమిషాలకు మించి పాఠం రాదు. మిగతా నలభై రెండు నిమిషాలు ఎలా నింపాలో తెలియక ఆ పేరానే మళ్ళీ మళ్ళీ తిరగేస్తున్నాను. నా అవస్థ చూసి అటెండరు సమ్మయ్య అన్నాడు:

"లాటిన్ ముచ్చటైతె ఇన్నయ్య సార్‌నే అడగాలె సార్. ఫాదర్లు అయ్యేటోళ్ళకు ఇరవై ఏండ్లు లాటిన్ చెప్పిండు. ఇప్పుడు పాలంపేట అవతల ఎవుసం చేస్తాండు. రోము ముచ్చట పెడితె అన్నం గూడ మర్చిపోతడు."

కాశిబుగ్గ

ఆదివారం కాశిబుగ్గ వెళ్ళాను. విద్య అడగబోయే చోటికి ఖాళీ చేతులతో పోకూడదని ఒక ధోవతి జోడు తీసుకుందామనుకున్నాను. నేతగాడు సదానందం వాళ్ళ తాత కాలం నుంచి మా ఇంటికి బట్ట వచ్చేది వాళ్ళ మగ్గాల మీద నుంచే. ఇప్పుడు ఆ వీధిలో సగం ఇళ్ళలో పవర్లూములు పడ్డాయి. ఆ చప్పుడులో అరిచినట్టు మాట్లాడితే తప్ప వినపడదు.

"ఒక్క జోడేనా సార్?" అన్నాడు సదానందం నవ్వుతూ. "మా తాత మీ గడికి బండెడు బట్ట తోలిండు. మీరొచ్చి ఒక్క జోడు అడుగుతాండ్లు. గిరాకి మస్తు పడిపోయింది!"

నేను నవ్వలేదు. ఇంటి మాట తెచ్చి పరాచికాలాడితే నాకు నచ్చదు.

"సరే గని, ఎవలికి? పనోళ్ళకు పెట్టేదా, పెద్దోళ్ళకు పెట్టేదా?" అని మళ్ళీ అడిగాడు. మా ఇంటికి రెండు రకాలూ పోయేవి కాబట్టి ఆ ప్రశ్నలో తప్పు లేదు. పెద్దవాళ్ళకే అన్నాను. ముప్పై రెండు రూపాయలు చెప్పి, ముప్పైకి ఇచ్చాడు. మేలైన నేత, సన్నని ఎర్ర అంచు. ఇంటికి తెచ్చి రెండుసార్లు విప్పి చూసుకున్నాను. ఇన్నయ్య సార్ వద్దంటే? ఇంట్లో లేకపోతే? ఊరే వదిలిపోయి ఉంటే?

ములుగు దారి

సోమవారం పొద్దున బస్సులో కిటికీ పక్కన కూర్చొని ఎర్ర పుస్తకం ఒళ్ళో తెరిచాను. ఆత్మకూరు దాటాక పక్కన కూర్చున్న రైతు నా మోచేతిని మెల్లగా తట్టాడు.

"సారూ, గా ఎర్ర పుస్తకం సంచిల పెట్టుకోండ్రి. ముందట పోలీసుల చెకింగ్ ఉంటది."

"ఇది రోము చరిత్ర," అన్నాను.

"రోమైతేంది, రష్యా అయితేంది సార్. వాళ్ళు సూసేది అట్టనే గదా. మొన్న మా పెద్దబాపు కొడుకు ఎర్ర రుమాలు కట్టుకున్నడని రెండు గంటలు కూసోవెట్టిండ్రు."

పుస్తకాన్ని ధోవతి మడతల్లో దాచాను. ఎవరూ బస్సు ఆపలేదు, ఏమీ అడగలేదు. అయినా ములుగు చేరేదాకా సంచి మీద నుంచి చెయ్యి తీయలేకపోయాను. మా తాత గుర్రం మీద పోయిన దారిలో నేను పుస్తకం దాచుకొని పోతున్నాను.

ములుగు బస్టాండు పక్కన తిన్న సర్వపిండి గురించి మాత్రం రాయాలి. హనుమకొండలో బియ్యప్పిండి పలచగా ఒత్తి నూనె ధారాళంగా పోస్తారు. ఇక్కడ మందంగా ఒత్తి, నువ్వులు, పల్లీలు, ఉల్లికాడ దండిగా వేసి, పాత గిన్నెల అడుగున నిదానంగా కాలుస్తారు. అంచు పెళపెళలాడుతుంది, నడుమ మెత్తగా ఉంటుంది. రూపాయికి రెండు. చాయ్ మా దగ్గర కంటే పది పైసలు తక్కువ, చక్కెర రెండింతలు ఎక్కువ. ఇంత మంచి తిండి తింటూ కూడా మనసులో వేళ్ళు మడుస్తున్నాను: మంగళవారం, బుధవారం, గురువారం.

పాలంపేట

పాలంపేటలో దిగి హోటల్లో దారి అడిగాను. హోటలంటే తాటాకు పందిరి, రెండు బల్లలు. ఇన్నయ్య సార్ ఇల్లెక్కడ అనగానే హోటలాయన, "లాటిన్ సారా? మీరేడికెళ్ళి వచ్చిండ్లు?" అన్నాడు. మా ఊరి పేరు, ఇంటి పేరు చెప్పాను. ఆ పేరు చెప్పేటప్పుడు నాకు తెలియకుండానే వీపు నిటారవుతుంది. గ్లాసు కడుగుతున్న ఆయన చెయ్యి ఆగింది.

"దొరలు ఈ నడుమ ఇటు వస్తలేరు," అన్నాడు.

"ఎందుకని?"

"ఏమో సార్. అన్నల సంఘపోళ్ళు ఉన్నరంటరు, లేరంటరు. పని సూసుకొని జల్ది పోండ్రి, గంతే."

పక్క బల్ల దగ్గర నిలబడిన ఒక పెద్దావిడ ఈ మాటలు వింటోంది. గిర్నీలో పిండి పట్టించుకొని సంచి నెత్తికెత్తుకోబోతోంది. అరవై ఏళ్ళు ఉండవచ్చు. మెడలో నల్లతాడుకు చిన్న సిలువ.

"నా ఎనుక రాండ్రి," అంది. "నేను పోయేది ఆ ఇంటికే."

రెండు మైళ్ళ నడక. పొలాలు కోతకు వచ్చి ఉన్నాయి. ఆవిడ ముందు, నేను వెనక. కాలువ దాటుతుంటే నా ఎడమ చెప్పు బురదలో దిగబడి, వారు తెగిపోయింది. ఒక కాలికి చెప్పుతో కుంటుతూ పోవడం కంటే రెండూ విప్పడమే మర్యాద అనిపించింది. చెప్పులు చేతిలో పట్టుకొని నడిచాను. ఆవిడ వెనక్కి తిరిగి చూసి, నెత్తి మీద సంచి ఒక చేత్తో పట్టుకొని పకపక నవ్వింది.

"ఓ దొరా! మీ గడి ముంగట నుంచి పోతె మేం చెప్పులు చేతుల పట్టుకొని పోయేది. ఇగ ఇప్పుడు మీరు పట్టుకున్నరా?"

నాకు చెవులు కాలినట్టయింది. "వారు తెగింది," అన్నాను.

"తెగనీయుండ్రి. ఎన్కటికి తెగకున్నా పట్టుకునేటోళ్ళం."

ఆవిడ మా గడి ముందు నడిచిన మనిషి! ఆ సంగతి అప్పుడే తెలిసింది. వెనక్కి తిరిగి పోదామా అనిపించింది. నా ఎరుకలో మేం ఎవరికీ అపకారం చేయలేదు, కానీ నా ఎరుకకు ముందరి సంగతులు నాకెవరు చెబుతారు? ములుగు బస్సుకు ఇంకా టైముంది. అయితే గురువారం నాటి నలభై రెండు నిమిషాలు నా వెనకే నడిచి వస్తున్నాయి. ముందుకే పోయాను.

ఇన్నయ్య సార్ ఇల్లు

ఆవిడ ఇన్నయ్య సార్ భార్య అన్నమ్మ. పెంకుటిల్లు, పేడతో అలికిన వాకిలి, పందిరి కింద ఒక కుర్చీ, ఒక నులక మంచం. గోడకు ఏసుప్రభువు పటం, దాని పక్కన విత్తనాల కంపెనీ క్యాలెండరు. సన్నగా, నల్లగా, ఎత్తుగా ఉన్న ముసలాయన పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"గడి నుంచి వచ్చిండ్లు," అంది అన్నమ్మ. ఏ గడి అని ఆయన అడగలేదు.

"నీళ్ళు తాగుతరా?" అని ఆవిడ నన్నడిగింది. నేను జవాబు చెప్పేలోగా మళ్ళీ తనే, "గోలీసోడ తెప్పియ్యాల్నా? పెద్దోళ్ళు మా ఇంటికొస్తె గదే తాగుతరు," అంది.

చదివేవారికి ఆ మాట వింతగా ఉండవచ్చు. మా వైపు ఇది బాగా తెలిసిన సంగతి. పెద్దకులాల వాళ్ళు హరిజనవాడకు వస్తే, గోలీ కొట్టని సోడా అయితే ఎవరి చెయ్యీ తగల్లేదని తాగవచ్చు. నీళ్ళే ఇవ్వమన్నాను. ఆలస్యంగా అన్నానని నాకే తెలిసింది. ఆవిడ కూడా గమనించింది.

ఇన్నయ్య సార్ కుర్చీ చూపించాడు, కూర్చున్నాను. వచ్చిన పని చెప్పాను. చిట్టీ, కమిటీ, గురువారం అన్నీ చెప్పాను. ఆయన నిలబడే విన్నాడు. నేను కూర్చుని, ఆయన నిలబడి ఉండటంలో నాకేమీ తేడా తోచలేదు. ఎంతో కాలంగా ఉన్న ఏర్పాటులా ఉండింది, అంతే.

"మీ నాయిన పేరు నాకెరుకే," అన్నాడు చివరికి. "మా నాయిన ఎల్లయ్య మీ గడిల ఎట్టిచాకిరి చేసిండు. మీ నాయినను భుజాల మీద ఎక్కించుకొని ములుగు బడికి మోసింది ఆయినే. బడి ఇడిసేదాక బయట ఎండల కూసుండేది. లోపట పిలగాండ్లు చదివేది ఇని ఇని, నా కొడుకును గూడ చదివియ్యాలె అనుకున్నడు. మీ తాత ఒప్పుకోలే. ఒక రాత్రి నన్ను తీస్కపోయి ఫాదర్ల బడిల ఇడిసిండు."

మాట తోచనప్పుడు మనిషి చెయ్యి ఏదో ఒకటి చేస్తుంది. సంచిలోంచి ధోవతి జోడు తీశాను. తీసి ఇచ్చాను. ఎలా ఇచ్చానో రాయాలి.

మా ఇంట్లో దసరాకు పనివాళ్ళకు బట్టలు పెట్టేవారు. నాన్న అరుగు మీద నిలబడేవాడు. వాళ్ళు కింద నిలబడి, రెండు చేతులూ దోసిలిగా చాచేవారు. నాన్న బట్టను జానెడు ఎత్తు నుంచి వదిలేవాడు. తాకకుండా ఇవ్వడం అది. చిన్నప్పుడు నన్నూ పక్కన నిలబెట్టి, నా చేత కూడా ఇప్పించేవారు. ముప్పై ఏళ్ళుగా నేను ఎవరికీ బట్టలు పెట్టలేదు. అయినా ఆ రోజు కుర్చీలోంచి లేచి, ముందుకు వంగి, నా చెయ్యి ఆయన చేతుల మీదికి పోయి, జానెడు ఎత్తున ఆగి, వదిలేసింది.

ఆయన చేతులు చాచలేదు. జోడు నేల మీద పడింది. మడతల్లో ఉన్న ఎర్ర పుస్తకం జారి తెరుచుకుంది. ఒక కోడిపెట్ట వచ్చి అంచును ముక్కుతో పొడిచింది. ముగ్గురం అలాగే చూశాం. అన్నమ్మ తీయలేదు. ఆయనా తీయలేదు. పడిన వస్తువును ఎవరో ఒకరు వచ్చి తీస్తారని నేను కూడా నిలబడి ఉన్నాను. ఎవరూ రాలేదు.

నేనే వంగి తీశాను. దుమ్ము దులిపి రెండు చేతులతో పట్టుకున్నాను. "తప్పయింది," అన్నాను. అంతకుముందు ఎప్పుడైనా ఆ మాట అన్నట్టు గుర్తు లేదు.

"బట్ట మంచం మీద పెట్టుండ్రి," అన్నాడు. తరువాత కుర్చీ లాక్కొని తాను కూర్చున్నాడు. "పాఠం కావాల్నన్నరు గదా. చెప్పుత. గని నా పద్ధతి ఒకటుంది. నేను కూసుంటా, నువ్వు నిలబడాలె. నేను సదివితె నువ్వు గట్టిగ అప్పజెప్పాలె. రోముల వ్యాకరణ పంతులు గట్లనే చెప్పేది. కోపంతోని అంటలేను. ఇరవై ఏండ్లు గట్లనే చెప్పిన, ఇంకో తీరు నాకు రాదు."

నువ్వు అన్నాడు. మా ఊరి మనిషి నోట నేను ఆ మాట వినడం అదే మొదలు.

వెళ్ళిపోవడానికి దారి తెరిచే ఉంది. బస్సూ ఉంది. చేతులు కట్టుకొని నిలబడ్డాను.

ఊపిరి ఎక్కడ

వ్యాకరణం అంటే మనకు సంధులు, సమాసాలు. రోములో ఆ పంతులు పనిలో అది సగమే. అక్షరాలు నేర్పడానికి వేరే పంతులుంటాడు. పదకొండు పన్నెండేళ్ళకు పిల్లవాడు ఈయన దగ్గరికి వస్తాడు. ఈయన దగ్గర కావ్యాలు చదువుతాడు, లాటినే కాక గ్రీకు కూడా. ఇక్కడ అయిపోయాక సభల్లో మాట్లాడటం నేర్పే పంతులు దగ్గరికి పోతాడు. ఇంతవరకూ ఎర్ర పుస్తకంలో ఉంది.

ఇన్నయ్య సార్ ఒక పలక తీసి, సుద్దతో అక్షరాలన్నీ కలిపి, మాటకూ మాటకూ సందు లేకుండా ఒక వరుస రాశాడు. "సదువు," అన్నాడు. నాకు తల తోక తెలియలేదు.

"వాళ్ళ పుస్తకాలు గిట్లనే ఉంటయి. ఏ మాట ఏడ ఆగుతదో పుస్తకం చెప్పది. పంతులు సదివి ఇనిపియ్యాలె. ఊపిరి ఏడ తియ్యాల్నో ఎరుకున్నోడే పంతులు."

మన తాళపత్రాలు కూడా అంతే కదా అన్నాను. ఆయన ముఖం ఒక్కసారి విచ్చుకుంది. "ఆ! గిది ఆ పుస్తకంల ఉన్నదా? ఇంగ్లీషోడు రాసిండా?"

రాయలేదు. పలక మీది వరుస ఆయన సొంతంగా అల్లుకున్న వాక్యం. అగ్రికోలా బోవెస్ ఆజిత్. రైతు ఎడ్లను తోలుతున్నాడు అని. ఆయన చదివాడు, నేను అప్పజెప్పాను. గొంతు చాలలేదన్నాడు. మళ్ళీ చెప్పాను. పొలం నుంచి పోతున్న ఇద్దరు మనుషులు కంచె దగ్గర ఆగారు.

"ఏందే అన్నమ్మా, ఎవలాయన?" అన్నాడొకడు.

"గడి దొర. సదువుకోను వచ్చిండు."

"వయసు మీరినంక బడికా?" రెండోవాడు పలుగు భుజం మార్చుకున్నాడు. "మంచిగ నిలవెట్టిండు సార్. జర ముక్కు మీద ఏలు గూడ ఏపియ్యి!"

నా మెడ మీద చెమట కారుతోంది. ఇన్నయ్య సార్ వాళ్ళ వైపు తల తిప్పలేదు. "బోవెస్ ఆజిత్ అగ్రికోలా," అన్నాడు. "మాటలు ముందటెనుక చేసిన. అర్థం మారిందా?"

"మారలేదు."

"ఎడ్లను రైతు తోలుతాండు అంటె తెలుగుల మారుతదా? మారది. మాట తోక పట్టుకుంటె ఎవలు తోలేటోడు, ఏవి ఎడ్లు తెలుస్తది. ఇంగ్లీషుల గట్ల తిప్పితె ఎడ్లే రైతును తోలుకపోతయి. అందుకే మా ఫాదర్లు ఇటలీ నుంచొచ్చి, మీ తెలుగోళ్ళకు లాటిన్ జల్ది వస్తదనేది."

కంచె దగ్గరి మనుషులు నవ్వుకుంటూ పోయారు. ఒక వరుస మీద గంట గడిచింది. ప్రతి మాటకూ ఒక కథ. ఆ దేశపు ఎద్దు, ఆ దేశపు నాగలి, ఏ దేవుడికి పంట మొదట పెడతారు, ఏ కొండ మీది నుంచి ఏ ఏరు పారుతుంది. వ్యాకరణ పంతులు పని అదేనట. ఒక వరుసలోంచి లోకమంతా తీసి పిల్లవాడి ముందు పెట్టాలి. దానికి తగ్గట్టు జనం కూడా ఆయనకు అన్నీ తెలిసి ఉండాలనేవాళ్ళు, స్నానానికి పోతుంటే దారిలో ఆపి ప్రశ్నలు వేసేవాళ్ళు.

"ఆ పంతుళ్ళు పెద్దింటివాళ్ళా?" అని అడిగాను. కమిటీ తప్పక అడిగే ప్రశ్న అది.

"శానా మంది బానిసలు. యుద్ధంల పట్టుకొచ్చినోళ్ళు, గ్రీసోళ్ళు. తెలివి సూసి కొందరు దొరలు వాళ్ళను ఇడిసిపెట్టేది. ఇడిసిపెట్టినంక బజార్ల పరదా కట్టుకొని బడి పెట్టుకునేది. అదే దొర కొడుకు వాళ్ళ ముంగట నిలబడి అప్పజెప్పేది. పిలగాన్ని బడికి తోలుకొచ్చే బానిస ఇంకొకడు. పలకలు మోసేటోడు, బడిల ఎనుక కూసుండేటోడు. వానికో పేరున్నది."

ఆ లాటిన్ పేరు చెప్పి, ఆగి, నీళ్ళు తాగాడు. నేను రాసుకున్నాను. పెన్సిలు రెండుసార్లు విరిగింది.

మరునాడు

ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను; అన్నమ్మ పచ్చిపులుసుతో వడ్డించిన మక్కగట్క, అంటే మొక్కజొన్న సంకటి, ఎండు చేపల కూర నాకు కొత్త. మా ఇంట్లో గట్క పనివాళ్ళ తిండి. పచ్చిపులుసులో కాల్చిన మిరపకాయ వాసన ఎంత బాగుందంటే రెండోసారి అడిగి పోయించుకున్నాను. "మెల్లగ దొరా, పొలమారుతది," అంది ఆవిడ. ఆ దొరా అనే మాటలో ఈసారి నవ్వే ఉంది.

మంగళవారం పొద్దున, పొలానికి పోయే ముందు, నిన్నటి పాఠమంతా నాచేత చెప్పించాడు. ఈసారి నేను పంతులుగా, ఆయన కమిటీగా. మూడు చోట్ల ఆపాడు. నాలుగోచోట ఆపలేదు. బయలుదేరేటప్పుడు ధోవతి జోడు మంచం మీదే ఉంది. నేను దాన్ని తీసి రెండు చేతులూ కిందుగా పట్టి చాచాను. ఆయన పైనుంచి తీసుకున్నాడు.

"ఫికర్ చెయ్యకు. గట్టిగ చెప్పు," అన్నాడు.

తెగిన చెప్పుకు అన్నమ్మ బైండింగు తీగ చుట్టి ఇచ్చింది. అది హనుమకొండ దాకా ఆగింది. నా భయం ఆగలేదు. బస్సులో ప్రతి కుదుపుకూ, నేర్చుకున్నదాంట్లో ఒక ముక్క జారిపోయినట్టే అనిపించింది.

గురువారం

తరగతి గదిలో ముగ్గురు సభ్యులు వెనక బెంచీలో కూర్చున్నారు. ముందు బెంచీల్లో ఇంటర్మీడియెట్ విద్యార్థులు. బోర్డు మీద ఒక తెలుగు వాక్యాన్ని మాటల మధ్య సందు లేకుండా రాశాను. చదవమన్నాను. తడబడ్డారు, నవ్వారు, ఒకమ్మాయి ఒక చోట, ఇంకొకరు ఇంకొక చోట ఆపి చదివారు. అక్కడి నుంచి రోము బజారుకు పోయాం. పరదా, మైనపు పలకలు, బానిస పంతులు, ఆయన ముందు నిలబడిన దొర కొడుకు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

చైర్మన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చాలా బాగా చెప్పారు. మన లైబ్రరీలో రోము మీద ఒక్క పుస్తకమే కదా? ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారు?"

గదిలో అందరూ నా వైపు చూస్తున్నారు. ఇన్నయ్య సార్ పేరు నా నాలుక మీదే ఉంది. చైర్మన్‌కు మా ఊరు తెలుసు. ఎల్లయ్య తెలుసో తెలియదో. పేరు చెబితే, ఎవరి కొడుకు అంటాడు. చెప్పాలి. చెబితే, ఆయన ముందు నిలబడి అప్పజెప్పావా అంటాడు.

"పుస్తకాలండీ," అన్నాను. "నాన్నగారి పుస్తకాలు కొన్ని ఇంట్లో ఉన్నాయి."

"అదీ సంగతి," అన్నాడు చైర్మన్ మిగతా ఇద్దరి వైపు తిరిగి. "ఎంతైనా ఆ ఇంటి రక్తం."

పదకొండో రోజున ఆర్డరు చేతికి వచ్చింది.

ఉత్తరం

ఇన్నయ్య సార్‌కు కార్డు రాశాను. పోస్టు వచ్చింది, మీ చలవ అని. పది రోజులకు జవాబు వచ్చింది. "సంతోషం. అన్నమ్మ కూడా సంతోషపడ్డది. ఎక్కడ నేర్చుకున్నవని వాళ్ళు అడిగిండ్రా?" అని మూడు ముక్కలు.

మూడేళ్ళయింది. జవాబు నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. పాలంపేటకు మళ్ళీ పోలేదు. ఆయన ఈ పత్రిక తెప్పించుకొని అన్నమ్మకు చదివి వినిపిస్తాడని సమ్మయ్య చెప్పాడు. చైర్మన్ ఇంటికి కూడా ఇది వస్తుందని నాకు తెలుసు.

అడిగారు సార్. మా నాన్న పుస్తకాల్లో చదివానని చెప్పాను.